ఒకరిది ఒకరికివ్వం

స్పిరిదోన్ బ్యాటరీ పోయిన రోజున గవ్రీల్ మామూలుగానే ఆరు గంటలకు బాయిలర్ గదికి వచ్చాడు. రెండు పొయ్యిల్లోనూ బూడిద లాగాడు. కొత్త బొగ్గు వేశాడు. గొట్టాల్లో నీటి వేడి చూసి గోడ మీది పలకపై అరవై ఎనిమిది అని రాశాడు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఆ నీళ్ళే వెచ్చదనం. బయట సున్నాకు కింద యాభై రెండు. వీధి దీపం కింద నుంచున్నా దీపం కనిపించనంత దట్టంగా ఉంది మంచు పొగ, దీపం తాలూకు పసుపు రంగు మాత్రం ఎక్కడో పైన వేలాడుతూ ఉంది. పనులన్నీ అయ్యాక, ఇంక చెయ్యడానికి ఏమీ మిగలక, అప్పుడు చూశాడు తలుపు పక్కన గోనెసంచి మీదున్న బ్యాటరీ వైపు.

ముందురోజు సాయంత్రం దాన్ని అక్కడ దించినప్పుడు అది ఇటుకలా గడ్డకట్టి ఉంది. మెల్లగా కరగనివ్వాలని పొయ్యికి దూరంగా పెట్టాడు. కరిగింది. గోనెసంచి తడిసింది. తడిసిన చోట బట్ట పొడిపొడిగా రాలిపోయి అడుగున సిమెంటు నురగలు కక్కింది. గవ్రీల్ మోకాళ్ళ మీద కూర్చుని బ్యాటరీని తిప్పి చూశాడు. వెనకవైపు, అడుగు నుంచి సగం ఎత్తు దాకా, వెంట్రుకవాసి పగులు. వేలితో తడిమాడు. వేలు చురుక్కుమంది. అతను ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకోవడం కూడా మరిచి అలాగే కూర్చున్నాడు.

బ్యాటరీ పైన తెల్ల గుడ్డ పేలిక మీద 'స్పిరిదోన్' అని తన చేతిరాతే ఉంది. పిడి స్పిరిదోన్ స్వయంగా గుర్రపు తోక వెంట్రుకలతో పేనినది. లేచి, దాన్ని రెండు చేతులా ఎత్తుకెళ్ళి బూడిద గుట్ట వెనక పెట్టి, పైన పాత రేకు ఒకటి కప్పాడు.

ఖాతింగ్ ఊళ్ళో అక్టోబరు దాటితే బండ్లు ఆగిపోతాయి. చలికాలమంతా నడిచేవి రెండో మూడో ఉంటాయి, అవి కూడా ఇంజను ఆర్పకుండా నడిచేవి. మిగతా బండ్లను ఎవరి పెరట్లో వాళ్ళు నిలిపేసి, గోనెపట్టాలు కప్పి, బ్యాటరీలు ఊడదీసి బాయిలర్ గదికి తెస్తారు. నిండుగా ఉన్న బ్యాటరీ చలికి లొంగదు. ఖాళీ అయినది మామూలు నీళ్ళలాగే గడ్డకడుతుంది, గడ్డకడితే పగులుతుంది. అందుకని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇరవై రెండు చలికాలాలుగా ఆ ఒకరు గవ్రీలే. వెచ్చటి గోడకు ఆనించి అతనే కొట్టిన చెక్క అరల మీద ఈ ఏడు తనది కాక నలభై మూడు బ్యాటరీలున్నాయి. రోజుకు మూడేసి చొప్పున దించి, మూతలు తీసి, తేలే బిళ్ళ ఉన్న గాజు గొట్టంతో లోపలి యాసిడ్ పీల్చి చూసి, తగ్గినవాటికి ఛార్జర్ తగిలించి, ఇంకినవాటికి నీళ్ళు పోసి, టెర్మినళ్ళు తుడిచి మళ్ళీ ఎక్కిస్తాడు. ఇది అతని ఉద్యోగం కాదు. ఉద్యోగం బొగ్గు వెయ్యడం.

మొట్టమొదట బ్యాటరీ తెచ్చి ఇక్కడ పెట్టింది స్పిరిదోనే. నలభై ఏళ్ళు లారీ తోలినవాడు. గవ్రీల్‌కు డ్రైవింగు నేర్పినవాడు. ఆ రోజు బ్యాటరీ దించి, చేతులు దులుపుకుని, "ఒరే గవ్రీల్, నీ గది ఎలాగూ వేడిగానే ఉంటుంది, దీన్నీ కాస్త చూస్తుండు" అన్నాడు. మర్నాటికి ఇంకో రెండు వచ్చాయి. ఆ ఏడే ఎవడో ఒకడు ఎవరూ లేనప్పుడు వచ్చి వేరేవాళ్ళ బ్యాటరీ పట్టుకెళ్ళి సగం ఖాళీ చేసి తెచ్చి పెడితే పెద్ద గొడవైంది. గవ్రీల్ అప్పుడు ఒకే ఒక మాట అన్నాడు: ఒకరిది ఒకరికివ్వం. అతను ఊరికి ఇచ్చిన కట్టుబాటు ఏదైనా ఉంటే అదొక్కటే. సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు తోలుతున్నప్పుడు అతనికి పతకాలు రాలేదు. క్షేత్రం మూతపడ్డప్పుడు నాయకుల్తో కొట్లాడినవాళ్ళలోనూ అతను లేడు. కానీ అతని చేతిలో పెట్టిన వస్తువు పెట్టినట్టే ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంగతి అతనికీ తెలుసు.

దీనికి రెండు రోజుల ముందు, శనివారం, పక్క ఊళ్ళో అతనితో బడి చదివినవాళ్ళు కలుసుకున్నారు. బడి వదిలి నలభై ఏళ్ళయింది. నగరం నుంచి కూడా కొందరు వచ్చారు. గవ్రీల్ కొత్త కోటు కొనుక్కున్నాడు. ఎవరి బండిలోనో మూల కూర్చుని వెళ్ళడం ఇష్టం లేకపోయింది. సొంత బండి ఉంది, కానీ దాని బ్యాటరీ ఆరు చలికాలాలు చూసినది, సగానికి మించి ఛార్జి ఎక్కడం లేదు. ఊళ్ళో అందరివీ చూసే మనిషి తనది మాత్రం వచ్చే ఏడు మారుద్దాంలే అని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాడు. శనివారం మధ్యాహ్నం తన బ్యాటరీ అరలోంచి తీసి ఇంటి చల్లటి వసారాలో పెట్టాడు. తిరిగి వచ్చి అరల ముందు నుంచుని కాసేపు చూశాడు. అన్నిటిలోకీ బలమైనది స్పిరిదోన్‌ది. స్పిరిదోన్ మంచాన పడి మూడు వారాలైంది, ఏప్రిల్ దాకా బండి అడగడు. ఒక్క పూటేగా అని దాన్ని దించాడు.

అక్కడికి వెళ్ళాక అందరూ బడి ముందు మంచులో నుంచుని ఫోటో తీసుకోవాలన్నారు. చీకటి పడింది కాబట్టి ఉన్న బండ్లన్నీ వరసగా పెట్టి లైట్లు వెయ్యమన్నారు. గవ్రీల్ కూడా వేశాడు. ఫోటో అయింది. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోతున్నారు. ఎవరింటికి వెళ్ళినా బండి దిగిన మనిషి బ్యాటరీ చేత పట్టుకుని లోపలికి వస్తాడు, గుమ్మం పక్కన పెడతాడు. ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన మర్యాద అది. గవ్రీల్ బానెట్ మీద చెయ్యి వేశాడు కూడా. అంతలో మెట్ల మీద నుంచి ఒకామె, బడిలో అతని ముందు బల్ల మీద కూర్చున్న ఆమె, "గవ్రీల్, కోటు ఎంత బావుందో, దొరబాబులా ఉన్నావు!" అంది. మసి పట్టిన బ్యాటరీని ఆ కోటుకు ఆనించుకుని ఆ మెట్లెక్కడం అతనికి చేతకాలేదు. కాసేపటికి వచ్చి తీసుకుందామనుకున్నాడు. ఇంజను ఆర్పాడు. లైట్లు ఆర్పాననే అనుకున్నాడు. ఆర్పలేదు.

ఆదివారం ఒకడు తన లారీకి తాడు కట్టి అతని బండిని ఖాతింగ్ దాకా లాక్కొచ్చాడు. మంచు పొగలో ఇరుగుపొరుగు ఎవరూ చూడలేదు.

సోమవారం పావు తక్కువ ఎనిమిదికి బాయిలర్ గది తలుపు తెరుచుకుని, తెల్లటి ఆవిరితో పాటు నికిఫోర్ లోపలికి వచ్చాడు. స్పిరిదోన్ తమ్ముడి కొడుకు. నలభై ఏళ్ళవాడు, గుర్రాల మందలు కాస్తాడు, సొంత బండి లేదు. కనుబొమలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

"బాబాయ్, పెదనాన్న బ్యాటరీ ఇవ్వు."

గవ్రీల్ చేతిలోని పారను బొగ్గులో గుచ్చాడు.

"రాత్రంతా ఊపిరాడలేదు. నర్సమ్మ వచ్చి చూసింది. ఊపిరితిత్తులంట, ఇక్కడ నా వల్ల కాదు, జిల్లా ఆస్పత్రికి తీసుకుపొండి అంది. వాళ్ళ ఆస్పత్రి బండి ఏదో కాన్పు కేసుకని నది అవతలికి పోయిందట. మన లారీలు రెండూ బొగ్గుకెళ్ళాయి. రొట్టె బండిలోనే పోతాం."

స్పిరిదోన్ వ్యానును ఊరంతా రొట్టె బండి అనే అంటుంది. అచ్చం రొట్టె ముద్దలాగే ఉంటుంది.

"ఇంకా ఛార్జిలో ఉంది" అన్నాడు గవ్రీల్.

"నీ దగ్గర ఉన్నది ఇంకా ఛార్జిలో ఉండటమేంటి? గవ్రీల్ దగ్గర బ్యాటరీలు గవ్రీల్ కంటే బలిసి ఉంటాయని పెదనాన్న అంటుంటాడుగా."

"నిన్ననే నీళ్ళు పోశాను. నీళ్ళు పోశాక పూర్తిగా ఎక్కాలి. లేకపోతే దారిలో గడ్డకడుతుంది."

అందులో అబద్ధం ఒక్కటే, మిగతావన్నీ నిజాలే.

"ఎంతసేపు పడుతుందేంటి?"

"పదకొండవుతుంది."

"మూడు గంటలా!" నికిఫోర్ చేతి తొడుగు తీసి మొహం రుద్దుకున్నాడు. అరల వైపు చూశాడు. "అయితే ఎగోర్‌ది ఇచ్చెయ్ బాబాయ్. వాడు వేటకెళ్ళాడుగా, ఇంకో నెల దాకా రాడు. వచ్చాక నేనే చెప్పుకుంటా. ఇదిగో, పై వరసలో చివరిదేగా?"

అతను చెయ్యి చాపాడు. గవ్రీల్ అడ్డం వచ్చాడు. తను అడ్డం వస్తున్నట్టు అతనికి తెలియను కూడా తెలియలేదు, వీపు అర చెక్కకు తగిలాక తెలిసింది. ఎగోర్‌ది ఇవ్వొచ్చు. ఎవరిదైనా ఇవ్వొచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊళ్ళో ఒక్కరు కూడా కాదనరు. కానీ ఎగోర్‌ది ఎందుకిచ్చావని ఎవరైనా అడిగితే స్పిరిదోన్‌ది ఏదని కూడా అడుగుతారు.

"ఒకరిది ఒకరికివ్వం, నికిఫోర్."

నికిఫోర్ చెయ్యి దించాడు. మొహం కందింది.

"తప్పే బాబాయ్. కంగారులో ఏదో అనేశాను. ఏమనుకోకు." తొడుగు మళ్ళీ వేసుకున్నాడు. "ఇంజను కింద మంట పెట్టి వేడెక్కించడానికి ఎలాగూ గంటన్నర పడుతుంది. కాస్త తొందరగా అవుతుందేమో చూడు మరి."

తలుపు మూసుకుంది. గవ్రీల్ ఇంకా అరలకు ఆనుకునే ఉన్నాడు. నికిఫోర్ తనకు క్షమాపణ చెప్పి వెళ్ళాడు. వెనక్కి పిలవడానికి ఎంతసేపో పట్టదు. తలుపు తీసి గొంతు ఎత్తితే చాలు, అతనింకా బొగ్గు కుప్ప కూడా దాటి ఉండడు. గవ్రీల్ బొగ్గు కుప్ప దాటేంతసేపు ఆగాడు. తరవాత వీధి మలుపు తిరిగేంతసేపు కూడా ఆగాడు. అప్పుడు టోపీ పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

వసారాలో అతని సొంత బ్యాటరీ మీద మంచు నూగు కట్టింది. సగం ఛార్జి ఉంది కాబట్టి పగల్లేదు. దాన్ని ఒక సంచిలో పెడుతుంటే లోపలి తలుపు తీసుకుని మార్ఫా వచ్చింది. అతని భార్య. రొట్టెల బట్టీలో తెల్లవారుజాము పని ముగించుకుని అప్పుడే వచ్చి టీ కాచుకుంటోంది.

"ఏంటి, డ్యూటీ వదిలి వచ్చావు?"

"దీన్ని ఎక్కిద్దామని."

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా అది? లారీ వెనక దూడలాగా ఈడ్పించుకుని వస్తే గానీ బుద్ధి రాలేదన్నమాట." నవ్వింది. "ఆగాగు. మీవాళ్ళు ఫోటో పంపారు. చూడు, నీ మొహంలో ఎంత వెలుగో."

ఫోన్ అతని కళ్ళ ముందు పెట్టింది. పాతికమంది మంచులో నుంచున్నారు. ఎదురుగా పడుతున్న లైట్లకు ఊపిరులన్నీ బంగారు రంగులో ఉన్నాయి. కుడివైపు చివర్న గవ్రీల్, కొత్త కోటులో, గడ్డం కాస్త పైకెత్తి నవ్వుతున్నాడు. అలా నవ్విన ఫోటో అతనికి పెళ్ళప్పటిది కూడా లేదు.

"స్పిరిదోన్‌కి బాలేదట" అన్నాడు.

"విన్నా. పొద్దున్నే వాళ్ళావిడ అకులీనా రొట్టెకి రాలేదు, అప్పుడే అనుకున్నా. నువ్వు బ్యాటరీ ఇచ్చేశావుగా?"

"ఇస్తున్నా."

"త్వరగా ఇవ్వు మరి. ఇక్కడ నుంచుని ఫోటో చూస్తావేంటి!"

బాయిలర్ గదిలో బ్యాటరీని పొయ్యికి రెండు బారల దూరంలో పెట్టి, చలి వదలడానికి నలభై నిమిషాలు ఆగాడు. చల్లారిపోయినదాన్ని వెంటనే తీగలకు తగిలిస్తే ఎక్కదు, ఒక్కోసారి పేలుతుంది. ఈ సంగతి అతను ఊళ్ళో ఎంతోమందికి చెప్పాడు. ఆ నలభై నిమిషాల్లో రెండుసార్లు బొగ్గు వేశాడు. తొమ్మిదికి ఛార్జర్ తగిలించాడు. సూది మెల్లగా కదిలింది. అతను బల్ల మీద కూర్చుని సూదిని చూశాడు. స్పిరిదోన్ ఇల్లు ఇక్కడికి రెండు వీధుల అవతల. అక్కడ ఒక మనిషి ఊపిరి కోసం లేచి కూర్చుని ఉంటాడు. పక్కన అరల మీద నలభై రెండు బ్యాటరీలు, ఒక్కొక్కటీ నిండుగా, శుభ్రంగా.

పదిన్నరకు మూతలు తీసి గాజు గొట్టంతో చూశాడు. తేలే బిళ్ళ సగానికి పైన కాస్త. అంతకంటే ఎక్కదు. అప్పుడు బూడిద గుట్ట వెనక్కి వెళ్ళి, రేకు తీసి, పగిలిన బ్యాటరీ నుంచి వెంట్రుకల పిడి విప్పడం మొదలుపెట్టాడు. ముళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. స్పిరిదోన్ చేతి ముళ్ళు. పళ్ళతో లాగాల్సొచ్చింది. నోట్లో యాసిడ్ పులుపు తగిలింది. ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఆ పిడిని తన బ్యాటరీకి కట్టాడు. పేరున్న గుడ్డ పేలిక చించి, కొత్త పేలిక మీద అదే పేరు రాశాడు. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బావుండేదని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

స్పిరిదోన్ పెరట్లో రొట్టె బండి కింద మంట ఎప్పుడో చల్లారి మళ్ళీ వెలిగించినట్టుంది. నికిఫోర్ నేల మీద బోర్లా పడుకుని ఊదుతున్నాడు. గవ్రీల్‌ను చూసి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పదకొండూ ఇరవై. ఇద్దరూ కలిసి స్పిరిదోన్‌ను కుందేలు తోలు దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. మూడు వారాల్లో మనిషి ఎంత తేలికయ్యాడో గవ్రీల్ చేతులకు తెలిసింది. గడ్డం మీద ఊపిరి తగిలిన చోటల్లా మంచు పేరుకుంటోంది.

గవ్రీల్ బ్యాటరీ బిగించాడు. నికిఫోర్ సెల్ఫ్ కొట్టాడు.

అది మూలిగింది. ఆగింది. మళ్ళీ కొడితే ముసలి ఆవు లేవబోయి కూలబడ్డట్టు మూలిగి ఆగింది. నికిఫోర్ గవ్రీల్ వైపు చూశాడు. గవ్రీల్ క్లిప్పులు సర్దినట్టు చేశాడు. మూడోసారికి ఇంజను పట్టుకుంది. నల్లటి పొగ కక్కి, వణికి, నిలదొక్కుకుంది. నికిఫోర్ "హమ్మయ్య" అని, అద్దం మీద మంచు గీకడానికి దిగాడు.

వెనక సీట్లోంచి స్పిరిదోన్ వేలు కదిపాడు. గవ్రీల్ తల లోపలికి పెట్టాడు.

"అన్నా."

"ఇది నాది కాదు." మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "నాది మూలగదు."

కళ్ళలో కోపం లేదు. ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు బండి సంగతి చెబుతున్నట్టుగానే ఉంది. గవ్రీల్ నోరు తెరిచాడు. గొంతులోకి చలి గాలి పోయింది. చెప్పాల్సింది నాలుగు ముక్కలే. పొద్దుట్నుంచీ లోపల అన్నిసార్లు చెప్పుకున్న ముక్కలే.

అంతలో అకులీనా టీ ఫ్లాస్కు, దుప్పటి, వేడి అట్లు చుట్టిన గుడ్డ మూట పట్టుకుని వచ్చింది. "ఊపిరాడ్డం లేదు ఊపిరాడ్డం లేదని రాత్రంతా నా ప్రాణం తీసి, ఇప్పుడు కబుర్లేంటయ్యా?"

"ఏం లేదే" అన్నాడు స్పిరిదోన్. "బండి మాటలు." తరవాత గవ్రీల్‌తో, "వచ్చాక చెప్దువుగానిలే" అన్నాడు.

అకులీనా మూటలోంచి రెండు అట్లు తీసి గవ్రీల్ చేతిలో పెట్టింది. "పొద్దుట్నుంచీ మాతోనే సరిపోయింది నీకు. తిను మరిదీ." ఎక్కి కూర్చుని తలుపు లాక్కుంది. బండి పెరడు దాటి, మంచు పొగలోకి వెళ్ళి, ముందు రంగు పోయి, తరవాత ఆకారం పోయి, చివరికి చప్పుడు కూడా పోయింది. అట్లు అతని చేతిలోనే గట్టిపడ్డాయి.

బుధవారం మధ్యాహ్నం బాయిలర్ గది ఫోను మోగింది.

"బాబాయ్." నికిఫోర్ గొంతు దగ్గరగా, ఎండిపోయినట్టు ఉంది. "పది గంటలకు పోయాడు. నిన్న కాస్త తేరుకున్నట్టే ఉన్నాడు. గంజి కూడా తాగాడు. ఇవాళ పొద్దున..." ఆగాడు. "పెద్దమ్మ పక్కనే ఉంది. డాక్టరమ్మ ఏదో అంది, ఇంకాస్త ముందు తెచ్చుంటే అని. వాళ్ళు అందరితోనూ అనేదేలే అది."

"ఎంత ముందు?"

"ఏంటి బాబాయ్?"

"ఎంత ముందు తెచ్చుంటే అంది?"

"అదేం చెప్పలేదు." కాసేపు గరగరలు వినిపించాయి. "మార్ఫా పిన్నికి చెప్పు. రేపు తీసుకొస్తాం."

గవ్రీల్ ఫోను పెట్టి, నీటి వేడి చూసి, పలక మీద రాశాడు.

నేల రెండు నిలువుల లోతు దాకా రాయిలా ఉంది. గొయ్యి తవ్వాలంటే ముందు దాని మీద మంట వెయ్యాలి, కరిగినంత మేర తవ్వాలి, మళ్ళీ మంట వెయ్యాలి. గవ్రీల్ రెండు రోజులూ డ్యూటీ దిగగానే చెక్కబండి నిండా బొగ్గు లాక్కుంటూ శ్మశానానికి వెళ్ళాడు. మంట చుట్టూ ఆరేడుగురు మగవాళ్ళు చేతులు కాచుకుంటూ నుంచున్నారు. స్పిరిదోన్ ఒకసారి లారీ నిండా వోద్కా సీసాలు తెస్తూ దారిలో మంచు తుపానుకు చిక్కుకుని, మూడు రోజుల తరవాత ఒక్క సీసా కూడా తెరవకుండా వచ్చిన సంగతి ఎవరో చెప్పారు. "తెరిస్తే చలికి తట్టుకునేవాడివి కదరా అంటే, సరుకు నాదా అన్నాడు" అని నవ్వారు. ఒకడు గొయ్యిలోకి దిగి గునపం వేసి, "నేల ఇంకా వేడెక్కలేదురోయ్. ముసలోడి బండి లాగే ఉంది" అన్నాడు. మళ్ళీ నవ్వారు. గవ్రీల్ బొగ్గు వేశాడు. అందరి వంతూ అయ్యాక కూడా తవ్వాడు. చాలు, ఇటివ్వమని గునపం లాక్కోబోతే ఇవ్వలేదు.

పూడ్చి వచ్చాక అకులీనా ఇంట్లో భోజనాలు. గుర్రపు మాంసం ఉడికిన వాసన, తడిసిన బూట్ల వాసన. ఆనవాయితీగా పొయ్యిలోకి మొదటి అట్టు, ఒక చెంచాడు నెయ్యి వేసి, అకులీనా నిప్పుకు ఏదో మెల్లగా చెప్పుకుంది. తరవాత బల్ల దగ్గరకు వచ్చి కూర్చోకుండా నుంచుంది. ఏడవలేదు. ఎత్తు తక్కువ మనిషి, నుంచున్నా కూర్చున్నవాళ్ళతో సమానంగానే ఉంది.

"గవ్రీల్‌కి నేను దణ్ణం పెట్టాలి" అంది. "ఆ పొద్దున తను అన్ని పనులూ మానుకుని బ్యాటరీ సిద్ధం చేసి, ఎత్తుకొచ్చి, తన చేత్తో బిగించి పంపాడు. లేకపోతే ఈ మంచం మీదే ఊపిరాడక కొట్టుకుని పోయేవాడు. అక్కడ రెండు రోజులు ముక్కుకి గొట్టం పెట్టారు, హాయిగా గాలి పీల్చాడు. నాతో నవ్వుతూ మాట్లాడాడు. ఆ రెండు రోజులూ నాకు గవ్రీల్ ఇచ్చినవే."

అందరూ గవ్రీల్ వైపు తిరిగారు. మార్ఫా అతని మోచేతి మీద చెయ్యి వేసింది. నికిఫోర్ తల వంచుకుని ఉన్నాడు.

గవ్రీల్ లేచాడు. "వదినా, ఆ బ్యాటరీ..."

"ఆ సంగతే చెప్పబోతున్నా" అంది అకులీనా. "నికిఫోర్ ఊడదీసి నీ దగ్గర పెడతాడు. నాకు అవేం తెలియవు. బండి ఉంచాలో ఇచ్చెయ్యాలో వేసవిలో చూద్దాం. అంతవరకూ ఆయన ఉన్నప్పుడు ఎలా చూశావో అలాగే చూడు."

"కాదు వదినా..."

"కాదనకు. ఇంకెవర్ని నమ్మి అడగను?"

బల్ల మీద ఆవిర్లు లేస్తున్నాయి. చెంచాలు ఆగిపోయాయి. ఇరవైమంది మొహాలు, అన్నీ మంచిగా, అన్నీ తన వైపే. గవ్రీల్ వాళ్ళను చూశాడు.

"అలాగే" అన్నాడు, కూర్చున్నాడు. పక్కనున్నవాడు అతని గిన్నెలో ఇంకో మాంసం ముక్క వేశాడు. అతను దాన్ని తిన్నాడు.

శనివారం నికిఫోర్ బ్యాటరీ తెచ్చాడు. గవ్రీల్ దాన్ని మూడో వరసలో, స్పిరిదోన్ పేరున్న చోట పెట్టాడు. కింది వరసలో అతని సొంత చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఏంటి, నీది ఏదని ఎవరూ అడగలేదు. అక్కడ ఒకటి ఉండేదని కూడా ఎవరూ గమనించి ఉండరు. జనవరి అంతా యాభై దాటే ఉంది చలి. రోజుకు మూడేసి దించాడు, చూశాడు, నీళ్ళు పోశాడు, తుడిచాడు. మూడో వరసలో ఉన్నది వారం తిరక్కుండానే నీరసపడేది, దానికి అన్నిటికంటే ఎక్కువసార్లు ఛార్జర్ పెట్టాల్సి వచ్చేది. నగరం నుంచి వచ్చే లారీవాడి చేత కొత్త బ్యాటరీ ఒకటి, స్పిరిదోన్‌ది ఎంత బలమైనదో అంత బలమైనది, తెప్పించాడు. అది అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని చెప్పకుండా ఆ పిడి కట్టి అరలో పెట్టెయ్యడం సులువే. రెండుసార్లు పెట్టె విప్పి మళ్ళీ మూశాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగాక అకులీనా ఇంటి వైపు నడిచాడు. ఆమె పెరట్లో పారతో మంచు తోస్తోంది. అతన్ని చూసి పార ఆపి, "రా మరిదీ, టీ తాగుదువుగాని" అని పిలిచింది. గవ్రీల్ లోపలికి వెళ్ళి ఆమె చేతిలోంచి పార తీసుకున్నాడు. గేటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి రొట్టె బండి దాకా మంచంతా తోశాడు. టీ తాగాడు. అకులీనా స్పిరిదోన్ సంగతులు చెప్పింది, అతను విన్నాడు. టోపీ పెట్టుకుంటుంటే ఏదో చెప్పడానికి వచ్చినట్టున్నావే అంది. ఏం లేదన్నాడు.

ఏప్రిల్ చివర్న మంచు నీళ్ళై వీధుల్లో పారింది. ఒక్కొక్కరే వచ్చి బ్యాటరీలు పట్టుకెళ్ళారు. ఎగోర్ వచ్చి తనది మోసుకెళ్తూ, "కొత్తదాని కంటే కొత్తగా ఉంది బాబాయ్" అన్నాడు. అరల మీద స్పిరిదోన్ పేరున్నది ఒక్కటే మిగిలింది. అకులీనాకు గవ్రీల్ ఇంకా చెప్పలేదు.